తప్పు నాది కాదు, ప్రీమియం మాత్రం నాకే పెరిగింది

మామిడితోట
డాలస్ దగ్గర ఉంటాం. ఏడు నెలల కిందట ఆఫీసు నుంచి వస్తూ రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక పికప్ ట్రక్ వచ్చి గుద్దింది. దిగి చూస్తే బంపర్ లోపలికి నొక్కుకుపోయి, టైల్ లైట్ ముక్కలు రోడ్డు మీద ఎర్రగా పడి ఉన్నాయి. పోలీసు వచ్చాడు, రిపోర్టులో తప్పు అవతలి వాడిదే అని స్పష్టంగా రాశాడు. అతను కూడా ఒప్పుకున్నాడు.

అవతలి ఇన్సూరెన్స్ వాళ్ళు మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. కారు లేకపోతే పిల్లల్ని స్కూల్లో దింపేది ఎలా? అందుకని నా కొలిజన్ కవరేజీ (గుద్దుడులో మన కారు రిపేరుకి మన కంపెనీయే ఇచ్చేది) మీదే క్లెయిమ్ పెట్టి బాగు చేయించుకున్నాను. బిల్లు 4,300 డాలర్లు, నా డిడక్టబుల్ (అందులో మన జేబులోంచి కట్టే వాటా) 500. ఆ 500 ఇంకా తిరిగి రాలేదు.

నిన్న రెన్యూవల్ కాగితం వచ్చింది. ఆరు నెలలకి 812 ఉండేది, ఇప్పుడు 1,046. ఫోన్ చేస్తే "మీకు సర్‌చార్జ్ ఏమీ వేయలేదు, క్లెయిమ్ ఫ్రీ డిస్కౌంట్ పోయింది, అంతే" అన్నారు. పదకొండేళ్ళలో ఇదే మొదటి క్లెయిమ్. నేను ఆగి ఉన్న కారులో కూర్చుని ఉన్నాను. ఇంతకంటే జాగ్రత్తగా ఎలా నడపాలి?

వేరే కంపెనీకి మారితే ఈ యాక్సిడెంట్ అక్కడ కూడా వెంటాడుతుందా? అక్కడ చెప్పాలా, అక్కర్లేదా?

చింతచిగురు
మాదీ ఇదే కథ. పార్కింగ్‌లో నిలబెట్టిన కారుని ఎవరో గీరి పోయారు. రెన్యూవల్‌కి 90 డాలర్లు పెరిగింది. అసలు కారులో మనిషే లేడు!

పల్నాటి_పిల్ల
మామిడితోట గారూ, నేను నాలుగేళ్ళు ఒక ఏజెంట్ ఆఫీసులో పనిచేశాను, లైసెన్స్ ఇప్పటికీ ఉంది. మీ 234 డాలర్లలో మూడు వేరు వేరు విషయాలు కలిసి ఉండొచ్చు. వాటిని విడదీయకుండా కోపం తెచ్చుకుంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియదు.

మొదటిది సర్‌చార్జ్. తప్పు మీదని లెక్కేసి కలిపే అదనపు మొత్తం ఇది. రెండోది వాళ్ళు చెప్పిన డిస్కౌంట్ పోవడం. చాలా కంపెనీల్లో ఆ డిస్కౌంట్ పేరులో "యాక్సిడెంట్" ఉండదు, "క్లెయిమ్" ఉంటుంది. అంటే తప్పు ఎవరిదైనా సరే, మీ పాలసీ మీద డబ్బు చెల్లించారా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు. మూడోది అసలు రేటే పెరగడం. ఇది అందరికీ పడుతుంది. 2024 మార్చి నాటికి ఒక్క ఏడాదిలో వాహన ఇన్సూరెన్స్ ధర 22 శాతం పెరిగిందని కేంద్ర లేబర్ శాఖ ధరల లెక్కల్లోనే ఉంది. యాక్సిడెంట్ లేనివాళ్ళకీ పెరిగింది.

మళ్ళీ ఫోన్ చేసి, ఈ మూడింటిలో ఏది ఎంతో విడివిడిగా ఈమెయిల్‌లో రాసి పంపమనండి. ఫోన్‌లో చెప్పిన మాటకి విలువ లేదు.

కాఫీపొడి
నాలుగేళ్ళు పనిచేశారు కదా, మరి తప్పు లేనివాడి డిస్కౌంట్ తీసేయడం న్యాయమేనా అక్కా?

పల్నాటి_పిల్ల
@కాఫీపొడి కాదు. అక్కడ ఉన్నప్పుడూ నాకు అలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఒక ముసలాయనకి ఇదే విషయం ఫోన్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకే గొంతు పెగల్లేదు.

సిలికాన్_సీతాకోక
కాలిఫోర్నియాలో ఇది చెల్లదు. 1988లో జనం ఓటు వేసి ప్రాపొజిషన్ 103 అనే చట్టం తెచ్చుకున్నారు. ఇక్కడ రేటు కట్టేటప్పుడు ముందు చూడాల్సింది మీ డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతారు, ఎన్నేళ్ళ అనుభవం ఉంది అన్న మూడే. యాక్సిడెంట్‌లో మీ వాటా 51 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే ప్రధానంగా తప్పు మీదని లెక్క. మంచి డ్రైవర్‌కి కనీసం 20 శాతం డిస్కౌంట్ ఇచ్చి తీరాలి, మీ తప్పు లేని గుద్దుడు వల్ల అది పోదు. క్రెడిట్ స్కోరు కూడా చూడకూడదు.

నన్ను ఫ్రీవే మీద ఒకామె పక్క నుంచి రాసుకుంటూ పోయింది. క్లెయిమ్ పెట్టాను. రెన్యూవల్‌లో ఆ పేరుతో ఒక్క డాలర్ కూడా పెరగలేదు.

ఒంగోలు_గిత్త
@సిలికాన్_సీతాకోక మీ దగ్గర మామూలు ప్రీమియమే మా పెరిగిన ప్రీమియం కంటే ఎక్కువ కదా. ఇక పెంచడానికి ఏం మిగిలింది?

సిలికాన్_సీతాకోక
@ఒంగోలు_గిత్త ప్రీమియం ఎక్కువ అనేది వేరే విషయం. తప్పు లేనివాడిని శిక్షించకూడదు అన్నది చట్టంలో రాసి ఉంది, నేను చెప్పింది అది. ఓక్లహోమాలో కూడా ఇలాంటి రక్షణ ఉంది. మిగతా రాష్ట్రాలవాళ్ళు తమ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి అడగాలి. ఫ్రీగా చెప్తారు.

నంబర్ల_మనిషి
కంపెనీల వాదన ఏమిటో ఒకసారి వినండి, నేను ఆ లెక్కలు కట్టే రంగంలోనే ఉన్నాను. తప్పు లేకుండా ఒకసారి గుద్దించుకున్నవాళ్ళకి మళ్ళీ క్లెయిమ్ వచ్చే అవకాశం, అసలు ఏ యాక్సిడెంటూ లేనివాళ్ళ కంటే ఎక్కువ అని వాళ్ళు అంటారు. రద్దీ రోడ్లు, రద్దీ వేళలు, ముందు కారుకి మరీ దగ్గరగా వెళ్ళి సడన్‌గా బ్రేక్ వేసే అలవాటు, ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. మనిషి తప్పుని కాదు, పరిస్థితిని లెక్కేస్తున్నాం అంటారు.

చింతచిగురు
@నంబర్ల_మనిషి నా కారు పార్క్ చేసి ఉంది. అది ఏ బ్రేక్ వేసింది?

నంబర్ల_మనిషి
@చింతచిగురు మీ కేసులో ఆ వాదన నిలబడదని నేనూ ఒప్పుకుంటాను. వాదన ఇది అని చెప్పానంతే, నేను సమర్థించడం లేదు. ఇంకో మాట. కన్స్యూమర్ ఫెడరేషన్ ఆఫ్ అమెరికా అనే వినియోగదారుల సంస్థ 2017లో పెద్ద కంపెనీల కోట్లు (ప్రీమియం ఎంత అవుతుందో ముందుగా చెప్పే రేట్లు) తీసి చూసింది. తప్పు లేని యాక్సిడెంట్‌కి కూడా కొన్ని పెద్ద కంపెనీలు రేటు పెంచుతున్నాయి, కొన్ని పెంచడం లేదు అని తేలింది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి పెంపు ఎక్కువగా పడిందని కూడా చెప్పింది. అందుకే ఒక కంపెనీ పెంచింది కదా అని అందరూ పెంచుతారనుకుని కూర్చోవద్దు. ఒకే యాక్సిడెంట్‌ని ఒక్కో కంపెనీ ఒక్కోలా తూకం వేస్తుంది.

కాఫీపొడి
మామిడితోట అన్నా, నా మాట వినండి. కొత్త కంపెనీకి చెప్పకండి. తప్పు మీది కాదు, టికెట్ లేదు, పాయింట్లు లేవు. ఎవరికి తెలుస్తుంది?

పల్నాటి_పిల్ల
@కాఫీపొడి అందరికీ తెలుస్తుంది. దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి.

క్లూ రిపోర్ట్ అని ఒకటి ఉంది. లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థ నడుపుతుంది. మీరు పెట్టిన క్లెయిములు ఏడేళ్ళ దాకా అందులో ఉంటాయి: ఏ తేదీన జరిగింది, ఏ కవరేజీ మీద, ఎంత చెల్లించారు. మీరు కోట్ అడిగిన నిమిషంలోనే కొత్త కంపెనీ దాన్ని తెరిచి చూస్తుంది. మీరు "లేదు" అని టిక్ పెట్టి, అక్కడ "ఉంది" అని కనిపిస్తే మొదట చూపించిన రేటు ఒకటి, చివరికి బిల్లులో వచ్చే రేటు ఇంకొకటి. రేపు పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజున దరఖాస్తులో అబద్ధం చెప్పారని పాలసీయే రద్దు చేస్తే? అప్పుడు 234 డాలర్లు కాదు, ఇల్లే అమ్ముకోవాలి.

చెప్పండి. "నాట్ ఎట్ ఫాల్ట్", అంటే తప్పు నాది కాదు, అని కూడా చెప్పండి. పోలీస్ రిపోర్ట్ పీడీఎఫ్ దగ్గర పెట్టుకోండి.

కాఫీపొడి
సరే అక్కా, నాకు ఈ రిపోర్ట్ సంగతి తెలియదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

వానచినుకు
ఈ క్లూ రిపోర్ట్ గురించి నా అనుభవం చెప్పాలి. మొదటి నుంచీ చదువుతుంటే నాకు జరిగిందే మళ్ళీ జరుగుతున్నట్టుంది.

రెండేళ్ళ కిందట న్యూజెర్సీలో ఒకతను స్టాప్ సైన్ దాటుకుని వచ్చి నా డ్రైవర్ సైడ్ తలుపుని గుద్దాడు. మామిడితోట గారిలాగే నేను కూడా నా కొలిజన్ వాడాను. తర్వాత మా కంపెనీ అవతలి కంపెనీ నుంచి పూర్తిగా వసూలు చేసుకుంది, నా డిడక్టబుల్ చెక్ కూడా వచ్చింది. కథ అయిపోయింది అనుకున్నాను. ఏడాది తర్వాత వేరే చోట కోట్లు అడిగితే నాలుగు కంపెనీల్లో మూడు భయంకరమైన రేట్లు ఇచ్చాయి. ఒక ఏజెంట్ మాత్రం ఆగి "మేడమ్, మీకు ఎట్ ఫాల్ట్ యాక్సిడెంట్ ఒకటి కనిపిస్తోంది" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది.

రిపోర్ట్ తెప్పించుకున్నాను. ఏడాదికి ఒకసారి ఫ్రీగా ఇవ్వాలని చట్టం ఉంది. పోస్టులో మందపాటి కవరు వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని స్కేలు పెట్టి వరసా వరసా చదివాను. మూడో పేజీలో నా తేదీ, కొలిజన్, 6,120 డాలర్లు చెల్లించారు అని ఉంది. ఆ డబ్బు అవతలి కంపెనీ నుంచి తిరిగి వచ్చింది అన్న మాట ఎక్కడా లేదు. చూసేవాడికి నేనే గుద్దినట్టుంది.

తప్పు లెక్సిస్‌నెక్సిస్‌ది కాదు, మా కంపెనీ పంపిన సమాచారమే అలా ఉంది. పోలీస్ రిపోర్ట్, డిడక్టబుల్ చెక్ కాపీ, మా కంపెనీ ఇచ్చిన ఉత్తరం జతచేసి లెక్సిస్‌నెక్సిస్‌కి డిస్ప్యూట్ పెట్టాను, అంటే తప్పు దిద్దమని అడిగాను. 30 రోజుల్లో విచారించి తేల్చాలి. 24వ రోజున సవరించిన పేజీ వచ్చింది. అదే ఏజెంట్ దగ్గర అదే కోట్ మళ్ళీ తీయిస్తే ఆరు నెలలకి 310 డాలర్లు తగ్గింది. నా డ్రైవింగ్ మారలేదు, కారు మారలేదు, ఇల్లు మారలేదు. ఆ ఒక్క వరస మారింది.

ఒంగోలు_గిత్త
@వానచినుకు ఆ ఉత్తరం మీ కంపెనీ వెంటనే ఇచ్చిందా?

వానచినుకు
@ఒంగోలు_గిత్త మూడుసార్లు అడిగాక. "తప్పు మా కస్టమర్‌ది కాదు, సబ్రోగేషన్ పూర్తయింది, మొత్తం వసూలైంది" అని ఈ మాటలే ఉండేలా రాయమన్నాను. సబ్రోగేషన్ అంటే మనకి కట్టిన డబ్బుని మన కంపెనీ అవతలి కంపెనీ నుంచి రాబట్టుకోవడం. క్లెయిమ్ ముగిసిన రోజునే అడిగి ఉంటే ఒక్క ఫోన్‌తో పోయేది. ఏడాది తర్వాత నా క్లెయిమ్ చూసిన అడ్జస్టర్ అక్కడ లేడు.

మామిడితోట
వానచినుకు గారూ, మీ పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం అలాగే కూర్చుండిపోయాం. రిపోర్ట్‌కి ఇప్పుడే రిక్వెస్ట్ పెట్టాను.

గోదారి_గట్టు
నాకొక సందేహం. అవతలివాడి తప్పు అయినప్పుడు అసలు మన కొలిజన్ ఎందుకు వాడాలి? నేరుగా వాళ్ళ కంపెనీ మీదే క్లెయిమ్ పెడితే డిడక్టబుల్ లేదు, మన డిస్కౌంట్ పోదు, అద్దె కారు కూడా వాళ్ళే ఇవ్వాలి. మామిడితోట గారు తొందరపడ్డారని నా అభిప్రాయం.

మామిడితోట
@గోదారి_గట్టు మూడు వారాలు ఆగాను అండీ. పిల్లలు ఇద్దరు, కారు ఒకటి.

డెట్రాయిట్_మావయ్య
@గోదారి_గట్టు చెప్పినంత తేలిక కాదు. అవతలి కంపెనీకి మీరు కస్టమర్ కాదు. వాళ్ళు మీకు ఫోన్ ఎత్తాల్సిన తొందర వాళ్ళకి లేదు. మీ కంపెనీ అయితే మీతో ఒప్పందంలో ఉంది. కారు నడవలేని స్థితిలో ఉంటే, అవతలివాడు మాట మారుస్తాడని అనుమానం ఉంటే, మన కొలిజనే దిక్కు. చిన్న దెబ్బ, కారు నడుస్తోంది, అవతలివాడు ఒప్పుకున్నాడు అంటే ఓపిక పట్టి వాళ్ళ మీద పెట్టొచ్చు.

ఇక మా మిషిగన్ వేరే లోకం. ఇక్కడ నో-ఫాల్ట్. తప్పు ఎవరిదైనా ఎవరి కారు వాళ్ళ ఇన్సూరెన్సే బాగు చేయాలి. మినీ టార్ట్ అనే నియమం కింద అవతలివాడి నుంచి మహా అయితే 3,000 డాలర్లు రాబట్టుకోవచ్చు, 2020 జూలైకి ముందు అది వెయ్యే. అందుకే ఇక్కడ కొత్తగా వచ్చిన పిల్లలకి నేను ఒకటే చెప్తాను: బ్రాడ్ కొలిజన్ తీసుకోండి. తప్పులో మీ వాటా సగం దాటకపోతే డిడక్టబుల్ కట్టక్కర్లేదు. నాలుగు డాలర్లు మిగుల్తాయని లిమిటెడ్ కొలిజన్ తీసుకున్న మా పక్కింటి అబ్బాయి, తప్పు తనదని తేలాక, కారు మొత్తం సొంత డబ్బుతో బాగు చేయించుకున్నాడు.

చింతచిగురు
మావయ్యా, "నో-ఫాల్ట్" అంటే తప్పు లేదు అని, మనకేం పెరగదు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

డెట్రాయిట్_మావయ్య
@చింతచిగురు సగం మంది అదే అనుకుంటారమ్మా. నో-ఫాల్ట్ అంటే డబ్బు ఎవరు కట్టాలి అన్న చోట తప్పు చూడరని. ప్రీమియం దగ్గర మళ్ళీ చూస్తారు.

రాలీ_రైతుబిడ్డ
నార్త్ కరోలినా నుంచి. ఇక్కడ ఉన్నవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదవండి. మన దగ్గర, వర్జీనియా, మేరీలాండ్, అలబామా, వాషింగ్టన్ డీసీలో కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అనే పాత నియమం ఇంకా ఉంది. మీ తప్పు ఒక్క శాతం ఉన్నా అవతలివాడి నుంచి మీకు వచ్చేది సున్నా అయ్యే ప్రమాదం ఉంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మనకి ఒక అలవాటు ఉంది. ఎవరికి దెబ్బ తగిలినా నోట్లోంచి ముందు వచ్చే మాట "అయ్యయ్యో, సారీ అండీ". మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు కారులో ఉన్నారు. ఒక కుర్రాడు లేన్ మారుతూ మమ్మల్ని గుద్దాడు. నాన్నగారు దిగి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి "సారీ బాబూ, నీకేం కాలేదు కదా" అన్నారు. ఆయన ఉద్దేశం వాడి మీద జాలి. ఆ కుర్రాడి అడ్జస్టర్ ఫైల్లో మాత్రం "ప్రయాణికుడు క్షమాపణ చెప్పాడు" అని ఎక్కింది. దాన్ని పట్టుకుని రెండు నెలలు మా క్లెయిమ్ తొక్కిపెట్టారు. డాష్‌క్యామ్ వీడియో ఉండబట్టి బయటపడ్డాం.

"మీకు బాగానే ఉందా?" అని అడగండి. అది మానవత్వం. సారీ మాత్రం చెప్పకండి.

సిలికాన్_సీతాకోక
@రాలీ_రైతుబిడ్డ నాన్నగారి విషయం చదివి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మా నాన్న అయినా అదే చేసేవారు.

బోస్టన్_బంగినపల్లి
మసాచుసెట్స్‌లో ఉన్నవాళ్ళకి ఒక దారి ఉంది. ఇక్కడ తప్పు 50 శాతం దాటితేనే సర్‌చార్జ్. కంపెనీ అలా తేలిస్తే నోటీసు వస్తుంది. 30 రోజుల్లోపు 50 డాలర్లు కట్టి రాష్ట్ర బోర్డ్ ఆఫ్ అప్పీల్‌కి వెళ్ళొచ్చు. లాయర్ అక్కర్లేదు. నేను వెళ్ళాను. కూడలి బొమ్మ ఒక తెల్ల కాగితం మీద గీసి, నా కారు ఎక్కడుంది, మంచు ఎక్కడుంది, స్టాప్ సైన్ ఎవరికి ఉంది అని చూపించాను. పదిహేను నిమిషాలు విన్నారు. కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది, సర్‌చార్జ్ కొట్టేశారు.

చాలామంది మనవాళ్ళు ఆ నోటీసుని బిల్లు అనుకుని డబ్బు కట్టేస్తారు. చదవండి.

పల్నాటి_పిల్ల
బంగినపల్లి గారు నోటీసు మాట ఎత్తారు కాబట్టి ఇంకోటి. క్లూ రిపోర్ట్ గానీ క్రెడిట్ గానీ చూసి మీకు రేటు ఎక్కువ వేస్తే, ఏ సంస్థ రిపోర్ట్ చూశారో చెప్తూ అడ్వర్స్ యాక్షన్ నోటీసు పంపాలి. ఫెడరల్ చట్టం అది. అది వచ్చిన 60 రోజుల్లోపు ఆ రిపోర్ట్ ఇంకో కాపీ ఫ్రీగా అడగొచ్చు. ప్రకటన కాగితం లాగా ఉంటుంది, అందుకే చెత్తబుట్టలోకి పోతుంది. మామిడితోట గారూ, మీ రెన్యూవల్ కవరులో ఇంకో పల్చటి కాగితం ఉందేమో చూడండి.

మామిడితోట
ఉంది! పారేయలేదు, రీసైకిల్ డబ్బాలో పైనే ఉంది. తీసి ఇస్త్రీ చేసినట్టు చదును చేసి పెట్టాను.

అట్లాంటా_ఆవకాయ
జార్జియావాళ్ళకి చిన్న మాట. కారు బాగు చేశాక కూడా అమ్మబోతే విలువ తగ్గుతుంది కదా, దాన్ని డిమినిష్డ్ వాల్యూ అంటారు. 2001లో జార్జియా సుప్రీం కోర్టు తీర్పు వల్ల ఇక్కడ మన సొంత కంపెనీ కూడా దాన్ని లెక్కకట్టాలి. అడగనివాళ్ళకి ఎవరూ ఇవ్వరు. మొదట చెప్పిన అంకె దగ్గర ఆగకండి, వాళ్ళ ఫార్ములా చాలా తక్కువ చూపిస్తుంది.

ఒంగోలు_గిత్త
అందరూ క్లెయిమ్ గురించే చెప్తున్నారు. ఆయన అడిగింది మారాలా వద్దా అని. కోట్లు తీసుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పండి. కోట్లు ఎక్కువ తీస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుందని మా ఆఫీసులో అంటారు.

గోదారి_గట్టు
పడిపోదు. ఇన్సూరెన్స్ కోట్‌కి చూసేది సాఫ్ట్ పుల్. పది తీసినా స్కోరు కదలదు.

నేను ప్రతి రెండేళ్ళకీ తీస్తాను. ముందు ఇప్పుడున్న పాలసీ డిక్లరేషన్ పేజీ ప్రింట్ తీసి పక్కన పెట్టుకోవాలి. లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి), డిడక్టబుల్, అన్‌ఇన్‌షూర్డ్ మోటరిస్ట్ (గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే ఆదుకునేది), అద్దె కారు, ప్రతిదీ అందరి దగ్గరా ఒకే అంకె పెట్టాలి. లేకపోతే 150 తక్కువ వచ్చిందని సంబరపడతాం, తీరా చూస్తే అద్దె కారు కవరేజీ ఎగిరిపోయి ఉంటుంది. రెన్యూవల్‌కి మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టాలి. ముందుగా కోట్ తీసుకుంటే కొన్ని కంపెనీలు కొంచెం తగ్గిస్తాయి. ఆఖరి రోజున అడిగితే అది ఉండదు.

ఒకటే కంపెనీకి పనిచేసే ఏజెంట్ వేరు, పది కంపెనీలవి అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్ వేరు. తప్పు లేని యాక్సిడెంట్ రికార్డులో ఉన్నప్పుడు రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఏ కంపెనీ దాన్ని పట్టించుకోదో వాళ్ళకి తెలిసి ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం: కొత్త పాలసీ చేతికి రాకుండా పాతది రద్దు చేయకండి. ఒక్క రోజు ఖాళీ వచ్చినా అది ఇంకో మచ్చ.

నంబర్ల_మనిషి
@గోదారి_గట్టు చక్కగా చెప్పారు. ఓపిక ఉన్నవాళ్ళకి ఒక దారి. కంపెనీలు రాష్ట్రాలకి ఇచ్చే రేటు ఫైలింగులు సెర్ఫ్ అనే వెబ్‌సైట్‌లో చాలా రాష్ట్రాలవి బహిరంగంగా ఉంటాయి. ఏ క్లెయిమ్‌ని యాక్సిడెంట్‌గా లెక్కేస్తారో, దేన్ని వదిలేస్తారో ఆ రూల్ మాన్యువల్‌లో వాక్యంతో సహా రాసి ఉంటుంది. మీ కంపెనీ ఫోన్‌లో చెప్పిన దానికి, అక్కడ రాసిన దానికి తేడా ఉంటే ఆ పేజీ పట్టుకుని ఫిర్యాదు చేయొచ్చు.

కాఫీపొడి
డబ్బు మిగలాలంటే లయబిలిటీని రాష్ట్రం చెప్పిన కనీసానికి దింపితే? ఈసారి అడిగి చేస్తున్నాను, సలహా కాదు.

డెట్రాయిట్_మావయ్య
@కాఫీపొడి వద్దు బాబూ. టెక్సస్ కనీసం ఎదుటివాడి ఆస్తికి 25,000. రోడ్డు మీద వెళ్ళే కార్ల ధరలు ఒకసారి చూడు. డిడక్టబుల్ పెంచుకో, నీ జేబులో అంత ఉంటే. లయబిలిటీ తగ్గించకు.

చింతచిగురు
అన్‌ఇన్‌షూర్డ్ మోటరిస్ట్ కవరేజీ కూడా తీసేయకండి. మా తమ్ముణ్ణి గుద్దినవాడికి ఇన్సూరెన్సే లేదు, కార్డు చూపిస్తే ఎప్పుడో గడువు తీరింది. టెక్సస్‌లో ఆ కవరేజీ వద్దంటే రాతపూర్వకంగా వద్దని సంతకం పెట్టాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు గబగబా క్లిక్ చేసి అందరూ పెట్టేస్తారు. మావాడు పెట్టలేదు, బతికిపోయాడు. డిడక్టబుల్ 250 మాత్రమే పడింది.

మామిడితోట
కొన్ని వారాల తర్వాత వస్తున్నాను. ఆగమని ఎవరూ అనలేదు గానీ, జరిగింది మొత్తం తేలాక చెబుదామని ఆగాను.

మొదట కంపెనీ నుంచి ఈమెయిల్‌లో లెక్క తెప్పించుకున్నాను. 234లో డిస్కౌంట్ పోయినందుకు 88. మిగతా 146 మా జిప్ కోడ్‌లో అందరికీ పెరిగిన రేటు. అంటే పల్నాటి_పిల్ల గారు చెప్పినట్టే, నేను అనవసరంగా మొత్తం కోపం ఆ యాక్సిడెంట్ మీద పెట్టుకున్నాను.

రెండోది క్లూ రిపోర్ట్. వానచినుకు గారిదిలాగే ఉంది: తేదీ, కొలిజన్, 3,800 చెల్లించారు. తిరిగి వసూలైంది అన్న మాట లేదు. మా సబ్రోగేషన్ విభాగానికి ఫోన్ చేస్తే అసలు విషయం బయటపడింది. అవతలి కంపెనీ మొత్తం డబ్బు రెండు నెలల కిందటే కట్టేసింది. నా 500 చెక్ మా పాత అపార్ట్‌మెంట్ అడ్రస్‌కి వెళ్ళి వెనక్కి వచ్చి వాళ్ళ దగ్గరే పడి ఉంది! నేను అడగకపోతే అక్కడే ఉండేది. మళ్ళీ పంపారు, వచ్చింది. దానితో పాటు వానచినుకు గారు చెప్పిన మాటలే అక్షరం పొల్లుపోకుండా ఉన్న ఉత్తరం ఇచ్చారు. డిస్ప్యూట్ పెట్టాను, 19 రోజుల్లో సవరించారు.

మూడోది కోట్లు. సవరణకి ముందు ఒక కంపెనీ 1,190 చెప్పింది. సవరణ తర్వాత అదే కంపెనీ 934. ఇండిపెండెంట్ ఏజెంట్ ఇంకోటి చూపించారు, అవే కవరేజీలతో 869. తప్పు లేని క్లెయిమ్‌ని వాళ్ళు లెక్కలోకి తీసుకోరని కాగితం మీద చూపించారు. దానికే సంతకం పెట్టాను.

వానచినుకు
19 రోజులా! నా కంటే ఐదు రోజులు ముందే. చాలా సంతోషం అండీ.

గోదారి_గట్టు
మీరు తొందరపడ్డారని అన్నాను, ఆ మాట తప్పు. పిల్లల్ని పెట్టుకుని మూడు వారాలు ఆగడమే ఎక్కువ.

మామిడితోట
@గోదారి_గట్టు అయ్యో, అలా ఏం లేదు. మీ డిక్లరేషన్ పేజీ సలహా వల్లే అద్దె కారు కవరేజీ జారిపోకుండా పట్టుకున్నాను. మొదటి రెండు కోట్లలో నిజంగానే లేదు.

పల్నాటి_పిల్ల
పాత పాలసీ ఏ రోజు ఆగుతుంది, కొత్తది ఏ రోజు మొదలవుతుంది?

మామిడితోట
రెండూ 14వ తేదీ అర్ధరాత్రి 12:01కి. రద్దు చేసినట్టు ఈమెయిల్ కూడా తీసుకున్నాను.

పల్నాటి_పిల్ల
కారులో ఇన్సూరెన్స్ కార్డు మార్చారా?

మామిడితోట
లేదు! ప్రింట్ తీసి టేబుల్ మీదే ఉంచాను. ఇప్పుడే కిందికి వెళ్తున్నాను.